వెనకాల ఎవరూ లేని ఆట

మార్చి 3

ఇవాళ్టి నుంచి రాయాలి. పండగ లోపల అత్త ఒక మాట చెప్పాలి. ఆ మాటని బట్టి మేం ఈ ఊళ్ళో ఉంటామో, డొంకరాయిలో చిన్నాన్న దగ్గరికి వెళ్ళిపోతామో తేలుతుంది. అది తేలేదాకా ఇంట్లో ఏం జరిగిందో ఎవరో ఒకరు సరిగ్గా గుర్తుపెట్టుకోవాలి. నాన్నకి చదువు లేదు. తమ్ముడు మాట్లాడడు. నేనే మిగిలాను.

ఇంకో కారణం కూడా ఉంది. నాకు ఏమీ అనిపించడం లేదు. ఆఫీసుకి వెళ్తున్నాను, వస్తున్నాను, అన్నం తింటున్నాను. పొద్దున జరిగింది సాయంత్రానికి గుర్తుండటం లేదు. రాస్తే కనీసం కాగితం మీద ఉంటుంది.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. పోయిన చైత్రంలో, మా కొండ ఊళ్ళల్లో చేసే ఇటుకల పండగ వేటలో, మా తమ్ముడు సురేంద్ర నాటు తుపాకీ పేల్చాడు. పొదలో ఉన్నది పంది కాదు. మా అత్త సోములమ్మ కొడుకు ఫల్గుణ. నాకు బావ. ఆ పై నెలలో నాకూ అతనికీ పెళ్ళి జరగాల్సింది.

అత్త నాన్నకి సొంత అక్క. అమ్మ పోయాక నన్నూ తమ్ముణ్ణీ పెంచింది తనే. మామ ఎప్పుడో పోయాడు. ఫల్గుణ తప్ప ఆమెకి ఎవరూ లేరు.

సురేంద్ర జైలుకి వెళ్ళి, జనవరిలో బెయిల్ మీద వచ్చాడు. అప్పటి నుంచి గడప దాటలేదు. మళ్ళీ చైత్రం వస్తోంది. పండక్కి ప్రతి ఇంటి నుంచీ ఒక మగవాడు వేటకి కదలాలి. నిన్న ఊరి పెద్దలు కూర్చున్నారు. సురేంద్ర కదలవచ్చా, అసలు ఊళ్ళో తిరగవచ్చా అన్నది సోములమ్మే చెప్పాలన్నారు. ఆమె సరే అంటే సరే, కాదంటే బేగి మూటలు కట్టుకోండిరా భీముడూ అన్నాడట సోంబరు తాత, నాన్నతో.

అత్త నేల చూస్తూ కూర్చుందట. లేచి ఇంటికి వెళ్ళిపోయిందట.


మార్చి 5, సాయంత్రం

తమ్ముడు రోజంతా ఆట ఆడతాడు. దాని గురించి రాయాలి.

నేను పనిచేసేది అరకులో, కాఫీ రైతుల సొసైటీ ఆఫీసులో. కొత్త కంప్యూటర్లు వచ్చినప్పుడు మూల పడేసిన పాతది ఒకటి నన్ను తీసుకుపొమ్మన్నారు. తమ్ముడికి టైపింగ్ నేర్పుదామని తెచ్చాను. మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటిదాన్ని నేను, రెండోవాడు వాడు. పదితో ఆపేశాడు. టైపింగ్ వస్తే ఎక్కడో ఒకచోట ఆపరేటర్‌గా దూరతాడనుకున్నాను.

టైపింగ్ ముట్టుకోలేదు. అందులో ఎవరో ఎప్పుడో ఎక్కించి వదిలేసిన పాత స్పేస్ షూటర్ ఒకటి ఉంది. నల్లటి తెర. పైన పురుగుల్లాంటి ఓడలు వరసలు వరసలుగా ఉంటాయి. అన్నీ కలిసి పక్కకి జరుగుతాయి. అంచు తగలగానే ఒక మెట్టు కిందకి దిగి, రెండో పక్కకి జరుగుతాయి. దిగేకొద్దీ టక్కు టక్కుమనే చప్పుడు తొందరపడుతుంది. కింద మన ఓడ ఒక్కటే. ఎడమకి పోవచ్చు, కుడికి పోవచ్చు, కాల్చవచ్చు. మూడు ప్రాణాలు. ఒక గుంపు అయిపోతే ఇంకో గుంపు వస్తుంది, ఇంకా వేగంగా. గెలవడం అనేది అందులో లేదు. కాసేపు ఎక్కువ బతకడమే.

మొదటి రోజు చూసి వైరు పీకేద్దామనుకున్నాను. మళ్ళీ కాలుస్తున్నాడు అనుకున్నాను. దగ్గరికి వెళ్ళాను కూడా. పీకలేదు. ఎందుకు పీకలేదో తెలియదు. వెనక్కి వచ్చి పప్పు పొయ్యి మీద పెట్టాను.


మార్చి 7, శుక్రవారం

అరకు సంత. జనం. కీబోర్డులో స్పేస్‌బార్ నొక్కితే పైకి లేవడం లేదు. లంచ్‌లో తీసుకెళ్ళి సన్యాసిరావు గారికి ఇచ్చాను. సాలూరు ఆయన. సంతబజారులో కంప్యూటర్లు, ఫోన్లు బాగుచేస్తాడు.

మీట చూడగానే నవ్వాడు. ఏటమ్మా, మీ ఇంట్లో ఓడలాట ఆడతన్నారా, స్పేస్‌బారొకటే ఇలగ అరిగిందంటే అదే అన్నాడు. చిన్నప్పుడు సాలూరు బస్టాండు పక్కన వీడియో గేముల షాపులో స్టూలెక్కి ఆడేవాడట. వాళ్ళ నాన్న చెవి పట్టుకుని రోడ్డు మీద ఈడ్చుకుపోతుంటే, చెవి నొప్పి వదిలేసి, తన ఓడ బతికుందో లేదో మెడ తిప్పి చూసేవాడట. మా ఆఫీసు మౌనిక కూడా పక్కనే ఉంది. ఇప్పుడు ఫోన్లోనే సినిమాలాంటి గేములుంటే ఇంకా ఆ పురుగులాట ఏంటి అంకుల్ అంది.

ఆయనకి రోషం వచ్చింది. మా గుంటడు నెలకో గేము మారుస్తాడు, పేరడిగితే వాడికే గుర్తుండదు అన్నాడు. దీనికి వయసు లేదమ్మా, ఏటి సెయ్యాలో ఎవులూ సెప్పక్కర్నేదు, పైనుంచి వత్తన్నాయి, నువ్వు కింద ఉన్నావు, పుట్టినోడికి ఎవుడికైనా తెలిసిన సంగతే కదా అన్నాడు.

మౌనిక నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వాల్సిన చోటు అది.


మార్చి 8

వాన. కాఫీకి మంచిదని నాన్న అన్నాడు. ఇవాళ మా ఇంట్లో వినిపించిన మాట అదొక్కటే.


మార్చి 11, సాయంత్రం

నిన్న తమ్ముడు మాట్లాడాడు.

మౌనిక మంచిది. మీ వాడికి ఇది చూపించు అని నా ఫోన్లో కొత్త గేమ్ ఒకటి ఎక్కించింది. బొమ్మలు నిజంగానే సినిమాలా ఉన్నాయి. ఇంటికి వచ్చి వాడి చేతికిచ్చాను. మొదలయింది. అడవి. గడ్డి నడుమెత్తు ఉంది, గాలికి ఊగుతోంది. చెట్ల మధ్య ఆకు కదిలింది. కాల్చు అని తెర మీద ఎర్రగా వచ్చింది.

వాడు ఫోను మంచం మీద పెట్టేశాడు. విసరలేదు, మెల్లగా పెట్టాడు, బోర్లించి. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి లేచి కంప్యూటర్ ఆన్ చేశాడు.

నేను వెనకాల నిలబడి అడిగాను, ఏముందిరా ఇందులో అని. జవాబు వస్తుందనుకోలేదు. ఇందులో వెనకాల ఎవులూ ఉండరక్కా అన్నాడు.

ఆఫీసులో కూడా అదే ఆలోచించాను. ఆ నల్లటి తెర మీద చెట్టు లేదు, పొద లేదు. కనిపిస్తున్నదే ఉంది. కనిపించనిది లేదు. కాలిస్తే ఓడే పోతుంది, ఇంకెవరూ పోరు. ఆ పాత ఆట చేసినవాళ్ళకి అప్పట్లో ఆకులు గీయడం చేతకాలేదేమో. ఎవరి కోసం చేశారో వాళ్ళకి తెలియదు. ఇక్కడ ఒకడు దాని మీద బతుకుతున్నాడు.

వాడి మీద జాలి కలిగిందా అని నన్ను నేను అడిగి చూసుకున్నాను. లేదు. కోపమా? అదీ లేదు. స్టాకు రిజిస్టరు పూర్తి చేశాను.


మార్చి 14

పోయినేడాది సంగతి ఇవాళ రాసేస్తాను. వాయిదా వేస్తున్నాను.

మా దగ్గర వేట దొరికితే మగవాళ్ళు డప్పు కొట్టుకుంటూ ఊళ్ళోకి వస్తారు. ఉత్త చేతులతో వస్తే డప్పు ఉండదు. అప్పుడు ఆడవాళ్ళం పేడనీళ్ళు కలుపుకుని ఊరి మొగదల నిలబడతాం. వాళ్ళ మీద పోస్తాం, నోటికొచ్చినట్టు తిడతాం. వాళ్ళు పడాలి. ఏడాదంతా మేం పడేది ఆ పండగలో వాళ్ళు పడతారు. చిన్నప్పటి నుంచి నాకు అన్నిటికన్నా ఇష్టమైన పండగ.

ఆ రోజు డప్పు లేదు. మలుపు దగ్గర మగవాళ్ళు కనిపించారు, తలలు వంచుకుని వస్తున్నారు. మేం నవ్వడం మొదలుపెట్టాం. అందరికంటే ముందు అత్త కుండెత్తుకుని ఎదురెళ్ళింది. తిట్టడంలో మా అత్త తరవాతే ఎవరైనా. ఏటర్రా, కుందేలైనా దొరకలేదా, మా కోకలు కట్టుకుని పొయ్యి కాడ కూకోండి, రేపు మేమెల్తాం అని అరిచింది. ముందు నడుస్తున్నది సురేంద్ర. కుండెడు పేడనీళ్ళు వాడి నెత్తిన కుమ్మరించింది. వాడు తుడుచుకోలేదు. నిలబడ్డాడు. మిగతా అందరం పోశాం. నేనూ పోశాను. వెనకాల నలుగురు డోలీ మోసుకొస్తున్నారు. దాని మీదా పడ్డాయి. ఎవడికిరా కాలు బెణికింది, మొగోడేనా ఆడు అని అత్త నవ్వుతూ దుప్పటి తీసింది.

కడగడానికి చాలాసేపు పట్టింది. నీళ్ళు మోసింది నేను.

ఆ రోజు నుంచీ ఊళ్ళో అందరూ తుపాకీ గురించే మాట్లాడతారు. పేడనీళ్ళ సంగతి ఎవరూ ఎత్తరు. అత్త అసలు ఏ సంగతీ ఎత్తదు. మా వాకిలి ముందు నుంచే ఊటకి నీళ్ళకి వెళ్తుంది, తల తిప్పదు.


మార్చి 18, రాత్రి

అత్త వచ్చింది.

నేను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్నాను. నా వెనకే గడప తొక్కింది. రోజూ ఆ సప్పుడేటే రమణీ అంది, నిన్న కూడా ఇదే ఇంట్లో కూర్చుని వెళ్ళినదానిలా. నీళ్ళకి వెళ్తూ వస్తూ టక్కు టక్కుమని వింటోందట. ఆట అత్తా అన్నాను.

సురేంద్ర లేచి గోడకి ఆనుకున్నాడు. వాడు లేచేసరికి ఓడ పేలిపోయింది. కూకో అంది అత్త. కూర్చున్నాడు. తను పీట లాక్కుని వాడి పక్కన, కాస్త వెనగ్గా కూర్చుంది. వాడు ఆడాడు. చాలాసేపు చూసింది.

ఆ పైనున్నవోళ్ళు ఏటి సేసారు అని అడిగింది.

ఏమీ చెయ్యలేదత్తా, దిగుతున్నారు అన్నాను.

దిగితే ఏటి?

డిగ్రీ చదివాను. సొసైటీకి మెయిల్స్ ఇంగ్లీషులో నేనే రాస్తాను. దిగితే ఏమవుతుందో చెప్పలేకపోయాను.

ఓడ మళ్ళీ పేలిపోయింది. మళ్ళీ వచ్చింది. అత్త ముందుకి వంగింది. మళ్ళీ ఎలగొచ్చిందిరా అంది. ఆ ప్రశ్న నాకు కాదు. సురేంద్ర తెర మీద నుంచి చూపు తిప్పకుండా, మూడు పేణాలుంటాయత్తా అన్నాడు. ఎవులిచ్చారు అంది. వాడు ఓడని ఎడమకి జరిపాడు.

మూడూ అయిపోయేదాకా కూర్చుని లేచి వెళ్ళిపోయింది. నాన్న వాకిట్లోనే నిలబడిపోయాడు. అక్కకి దారి ఇచ్చాడు, అంతే.


మార్చి 19

మళ్ళీ వచ్చింది.


మార్చి 22

రోజూ వస్తోంది. ఇప్పుడు తనే ఆడుతోంది.

చేలో చిలకల్ని వడిసెలతో తోలిన చెయ్యి అది, గురి తప్పదు. ఒక్క వేలితో నొక్కుతుంది. ఓడల్ని తిడుతుంది. రండే రండి, వరసగా రండి, పెళ్ళికొచ్చేరా పేరంటానికొచ్చేరా అంటుంది. ఏడాది తరవాత ఆ గొంతు విన్నాను. తను పోతే సురేంద్ర వంతు. వాడు పోతే తన వంతు. వంతు మారినప్పుడు కుర్చీ, పీట మార్చుకుంటారు. మాటలుండవు.

ఎదురెదురుగా కూర్చోబెడితే ఇద్దరిలో ఒకరు లేచిపోయేవాళ్ళు. పక్కపక్కన కూర్చుని ఇద్దరూ ముందుకి చూడటానికి ఏదో ఒకటి కావాలి. ఇంత పాత ఆటని జనం ఎందుకు వదలరో సన్యాసిరావు గారు చెప్పిన కారణం ఒకటి, తమ్ముడు చెప్పింది ఒకటి, ఇది ఇంకొకటి. నేను మధ్యలో టీ ఇస్తున్నాను.

ఊట దగ్గర ఆడవాళ్ళు అన్నారు, కొడుకుని సంపినోడితో ఆటలాడతందట, మతి పోనాది అని. అత్త వెనకాలే బిందెతో ఉంది. రాయే, నువ్వూ ఆడుదువు గాని, నీ నోటికన్నా ఆ పురుగులే నయం అంది. బిందె నింపుకుని వచ్చేసింది.

నాన్న ఆశపడుతున్నాడు. మొహంలో తెలుస్తోంది.


మార్చి 26

ఆశపడి ఉండకూడదు.

సోంబరు తాత మా ఇంటికే వచ్చాడు, అత్త ఇక్కడుందని తెలిసి. ఏటి సోములా, పండగ దగ్గరికొచ్చింది, ఆ గుంటడి సంగతి ఏటి సెప్తావు అన్నాడు. ఉండు తాతా, సచ్చిపోతాను అంది అత్త, తెర మీద కళ్ళతో. ముసలాయన బెదిరిపోయాడు. ఆటలో తాతా అని నేను చెప్పాల్సివచ్చింది. పీట వేశాను. కూర్చుని ఆయనా చూశాడు. కాసేపటికి, ఎడమేపు ఎడమేపు, అదుగో ఒత్తంది అని ఆయనే అరిచాడు.

అత్త ఓడ పోయింది. లేచింది. తాత మొహం చూడలేదు, నాన్న మొహం చూడలేదు. నన్నడగొద్దు అని వెళ్ళిపోయింది.

సాయంత్రం నాన్న కోళ్ళని పక్కింటివాళ్ళకి ఇచ్చేశాడు. ఆనపబుర్రల్లో దాచిన సామ విత్తనం, చోడి విత్తనం తీసి మూట కట్టాడు. మా దగ్గర పండక్కి విత్తనం దేవత ముందు పెట్టి, తరవాతే చల్లుతారు. ముందే మూట కట్టాడంటే ఇక్కడ చల్లడని. సురేంద్ర చూశాడు. ఆడుతూనే ఉన్నాడు.

డొంకరాయి నుంచి అరకు ఆఫీసుకి రోజూ రాలేను. ఉద్యోగం మానెయ్యాలి. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ తట్టలేదు. నాకూ ఇప్పుడే తట్టింది.


మార్చి 29

రాత్రి పిడుగులు. కరెంటు పోయింది. పొద్దున వచ్చాక కంప్యూటర్ ఆన్ కాలేదు. కాలిన వాసన.

శనివారం, ఇంట్లోనే ఉన్నాను. అత్త మామూలు వేళకే వచ్చింది. పాడయిందత్తా అన్నాను. వెళ్ళిపోతుందనుకున్నాను. పీట మీద కూర్చుంది. సురేంద్ర కుర్చీలో కూర్చున్నాడు. ఇద్దరూ ఆ నల్లటి తెరనే చూస్తున్నారు. నేను తలుపు దగ్గర బియ్యం ఏరుతున్నాను. అక్కడి నుంచి నాకు తెర మీద వాళ్ళ మొహాలు కనిపిస్తున్నాయి. వాళ్ళకీ కనిపిస్తూ ఉండాలి.

ఆడు నీళ్ళు తాగేడేటిరా అంది అత్త.

ఎవరని వాడు అడగలేదు. తాగేడత్తా అన్నాడు. ఎప్పుడు అంది. పొదలోకి ఎల్లే ముందు, నా చేతిలో నీళ్ళ ఆనపబుర్ర లాక్కున్నాడు, సగం తాగి సగం నెత్తిన పోసుకున్నాడు, ఎండ కదా అన్నాడు.

సల్లటి నీళ్ళేనా?

ఊట నీళ్ళత్తా. పొద్దున్నే పట్టుకెళ్ళేను.

అత్త తల ఊపింది. పోనీలే, దాహంతో ఎల్లలేదు అంది. వాడితో కాదు, నాతో కాదు. లేచి కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

ఏడాదిగా ఆమెకి కావలసింది అదొక్క మాట. జైలు గురించి అడగలేదు, తుపాకీ గురించి అడగలేదు. మేమెవరమూ చెప్పలేదు, ఎందుకంటే అది అడుగుతుందని మాకు తెలియదు.

బియ్యం ఏరడం అయిపోయింది.


ఏప్రిల్ 1

కంప్యూటర్ బాగయింది. లోపల కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్ డబ్బా ఒకటే పోయిందట. ఆట భద్రంగా ఉందమ్మా, కంగారు పడకు అన్నాడు సన్యాసిరావు గారు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను.

ఊరికి వచ్చేసరికి పెద్దలు కూర్చుని ఉన్నారు. అత్త కూడా ఉంది. నేను కంప్యూటర్ కింద దించి ఆడవాళ్ళ వెనక నిలబడ్డాను. సోంబరు తాత మళ్ళీ అడిగాడు. ఈసారి అత్త మాట్లాడింది. గుర్తున్నంతవరకు ఆమె మాటల్లోనే రాస్తున్నాను.

నన్నే ఎందుకడుగుతారు అంది. నాకు కొడుకు పోనాడు, నిజమే. ఆ గుంటకి మొగుడవ్వాల్సినోడు పోనాడు, సంపినోడు తమ్ముడు. ఆడు జైలు నుంచొచ్చిన కాడ్నుంచి ఒకే ఇంట్లో ఆడికి కూడొండి పెడతంది. దాన్ని ఎవులైనా ఒక్క మాట అడిగేరేటి? సదూంకున్నాది, ఉద్యోగం సేత్తంది, దానికేటి అని వదిలేసేరు. నేనూ వదిలేసేను. నా మాట నాకుంది, తరవాత సెప్తాను. ముందు అది సెప్పాలి. అది కాదంటే నాదీ కాదే.

అందరూ నా వైపు తిరిగారు. సెప్పమ్మా అన్నాడు తాత. సురేంద్ర అక్కడ లేడు. నాన్న ఉన్నాడు. నా వైపు చూడలేదు.

నోరు తెరిచాను. అందులో ఏమీ లేదు.

వేట పదకొండున మొదలు. అంతలోగా సెప్పు, తొందర లేదు అన్నాడు తాత.


ఏప్రిల్ 2, సాయంత్రం

తమ్ముడికి సంగతి తెలిసిపోయినట్టుంది. నేను ఇంటికి రాగానే కుర్చీలోంచి లేచి, నువ్వాడక్కా అన్నాడు.

ఇంతవరకు నేను ఆడలేదు. కూర్చున్నాను. మొదటి ఓడ వెంటనే పోయింది. రెండోదీ పోయింది. మూడోదానితో కాసేపు నిలబడ్డాను. వరసలు దిగుతున్నాయి, చప్పుడు తొందరపడుతోంది. వాడు వెనక నుంచి, ఎడమకక్కా, ఎడమకి, ఆగు, సరిగ్గా సూసి కాల్చు అన్నాడు.

సరిగ్గా చూసి కాల్చు.

కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచాను. ఆ మాట నువ్వు చెప్తావా అని అరిచాను. ఇంకా చాలా అన్నాను. ఏమన్నానో రాయను. చేతులు, మెడ, చెవులు కాలిపోయాయి. వాడు కదల్లేదు. నెత్తిన పేడనీళ్ళు పడినప్పుడు నిలబడ్డట్టే నిలబడ్డాడు. నాన్న పరుగున వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. గొంతు పోయేదాకా అరిచి వాకిట్లోకి వచ్చి కూర్చున్నాను.

ఆకలేసింది. ఏడాదిగా వేళకి తింటున్నాను. ఆకలేసి తిన్నది ఇవాళే. అన్నం వాడే పెట్టాడు.


ఏప్రిల్ 4

రమణీ,

ఇది నీకే. అడగడానికి ఇంకెవరూ మిగల్లేదు. ఫల్గుణ చచ్చిపోయాడు. కాల్చింది సురేంద్ర. వాడు ఈ ఊళ్ళో తిరగవచ్చా? అవునో కాదో, ఒక్క మాట చాలు. నాన్న మూట ఇంకా విప్పలేదు.

ఏప్రిల్ 10 లోగా జవాబు ఇవ్వు.